వేడి చేసిన నీలం జాతిరాయేనా?

కొత్తఉంగరం:
మా మామయ్యకి ఐదు క్యారెట్ల నీలం చూశాం. బిల్లు మీద 'హీటెడ్' అని రాసే ఇస్తానన్నాడు షాపాయన. అది విని మా సిద్ధాంతిగారు "కాల్చిన రాయి పనికిరాదు" అన్నారు. ఇంతకీ అది అసలుదా, నకిలీదా?

లూపుబాబు:
అసలుదే. శ్రీలంకలో గ్యూడా అని పాలరంగు రాళ్ళు దొరుకుతాయి. ఒకప్పుడు వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. 1970ల్లో థాయ్‌లాండ్ వ్యాపారులు తీసుకెళ్ళి 1600 డిగ్రీల దాకా కాల్చేసరికి చక్కటి నీలాలయ్యాయి. రాయి లోపల సన్నటి సూదుల్లా ఉండే రూటైల్ అనే ఖనిజం కరిగిపోతుంది. అందులోని టైటానియం, రాయిలో ఉన్న ఇనుముతో కలిసి నీలిరంగు తెస్తుంది. పైనుంచి పూసింది ఏమీ లేదు. టాంజనైట్ అని ఇంకో జాతి రాయి ఉంది, దాని నీలిరంగు కూడా దాదాపు అంతా గోధుమరంగు రాయిని కాల్చి తెచ్చిందే.

మేలురకం:
కాల్చని నీలానికి అంత ధర ఊరికే పలకదు కదండీ. రేపు గాజు నింపిన కెంపు కూడా భూమిలోదే అంటారు!

లూపుబాబు:
అనను. సీసపు గాజు నింపిన కెంపులో పగుళ్ళ నిండా గాజే. కంసాలి మంట తగిలినా, నిమ్మరసం పడినా పాడవుతుంది. లూపు (రాళ్ళు చూసే చిన్న భూతద్దం) కింద అటూ ఇటూ తిప్పి చూడండి, పగుళ్ళలో నీలి మెరుపు, గాలి బుడగలు కనిపిస్తాయి. కాల్చిన నీలానికి ఆ బెడద లేదు, మనవలు కూడా పెట్టుకోవచ్చు. రెంటినీ 'ట్రీటెడ్' అని ఒకే గాటన కట్టడంతోనే వస్తోంది గొడవంతా. నాకు అసలు టెన్షన్ బెరీలియం అనే మూలకం ఎక్కించి కాల్చిన రకంతో. 2000ల మొదట్లో బయటపడింది. ఆ రంగు బయటినుంచి ఎక్కించిన మూలకం వల్ల వస్తుంది, లూపుకి దొరకదు, ల్యాబులోనే తేలాలి. పుష్యరాగం కొనేవాళ్ళు జాగ్రత్త.

శనివారం_శర్మ:
మీ సైన్సు సరే. గ్రహం కోసం పెట్టుకునేవాడికి రాయి పుట్టినట్టే ఉండాలి. ఆ నమ్మకానికి విలువ లేదా?

లూపుబాబు:
ఎందుకు లేదు శర్మగారూ? 'నో హీట్' అని ల్యాబు రిపోర్టు ఉన్నది అడిగి, ఆ ధర పెట్టి కొనాలి. కానీ ఒక్క మాట. పచ్చల్లో దాదాపు అన్నిటికీ పగుళ్ళు కనబడకుండా నూనె పట్టిస్తారు. బుధుడి కోసం పచ్చ రాసిచ్చేటప్పుడు ఆ నూనె సంగతి అడిగిన సిద్ధాంతిని నేనింతవరకు చూడలేదు.

శనివారం_శర్మ:
నూనె వేరు, నిప్పు వేరు.

కొత్తఉంగరం:
రిపోర్టు తెప్పిస్తానన్నాడు షాపాయన, ఖర్చు మాత్రం మాదేనట. మామయ్యకి ఆ రంగే నచ్చింది. సిద్ధాంతిగారికి ఎవరు చెప్పాలన్నదే ఇంట్లో ఇంకా తేలలేదు.