హారంలో (ఎక్స్ − 2)² ఉంటే రెండు భిన్నాలు ఎందుకు రాయాలి?

ప్రశ్న (అమలాపురం, ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని):
మాస్టారూ, నమస్కారం. పాక్షిక భిన్నాలలో (అంటే ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా రాయడంలో) హారంలోని కారణాంకాలు వేరువేరుగా ఉన్నంతవరకు నాకు లెక్కలు బాగానే వస్తున్నాయి. (4ఎక్స్² − 11ఎక్స్ + 12) / [(ఎక్స్ − 2)²(ఎక్స్ + 1)] అనే భిన్నాన్ని బీ/(ఎక్స్ − 2)² + సీ/(ఎక్స్ + 1) అని రాసి, ఎక్స్‌కు 2, −1 విలువలు ఇస్తే బీ = 2, సీ = 3 వచ్చాయి. పుస్తకం వెనక జవాబులోనూ అవే ఉన్నాయి కానీ, 1/(ఎక్స్ − 2) అనే పదం అదనంగా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు రోజులుగా అర్థం కావడం లేదు.

జవాబు (పాలకొల్లు, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు):
అమ్మా, నువ్వు కనుక్కున్న 2, 3 సరైనవే. అందుకే తప్పు ఎక్కడుందో నీకు కనబడలేదు. ఒక్కసారి ఎక్స్ = 0 వేసి చూడు. ఎడమవైపు లవం 12. కుడివైపు బీ(ఎక్స్ + 1) + సీ(ఎక్స్ − 2)² విలువ 2 + 12, అంటే 14. నువ్వు రాసిన సమీకరణం 2, −1 దగ్గర నిలబడింది గాని ఎక్స్ ప్రతి విలువకూ నిలబడలేదు. పాక్షిక భిన్నాలకు ప్రతి విలువకూ నిలబడడమే అసలు షరతు.

కారణాన్ని మన ఇళ్లలో ధాన్యం కొలిచిన తీరుతో చెబుతాను. నాలుగు మానికలు ఒక కుంచం కనుక 11 మానికలను రెండు కుంచాల మూడు మానికలు అంటాం; అదే 4² అంటే 16ను హారంగా పెట్టి రాస్తే 11/16 = 2/4 + 3/16. మానికల లెక్కలో మూడుకు మించి రాయకూడదన్న నియమం పెట్టుకుని, కుంచాలను వదిలేస్తే 11 ఎప్పటికీ రాదు. ఇక్కడా అంతే. (ఎక్స్ − 2)² మీద లవంలో ఒకటో పరిమాణపు బహుపది ఉండవచ్చు. దాన్ని (ఎక్స్ − 2)తో భాగిస్తే భాగఫలం ఏ, శేషం బీ. కాబట్టి ఏ/(ఎక్స్ − 2) కూడా రాసి, ఎక్స్² గుణకాలను పోల్చితే ఏ + సీ = 4, ఏ = 1. ఎక్స్ = 0 దగ్గర ఇప్పుడు −2 + 2 + 12 = 12 సరిపోతుంది. ఆ మొదటి రెండు భిన్నాలను కలిపి చూడు, ఎక్స్/(ఎక్స్ − 2)² వస్తుంది; నీ పద్ధతిలో లవంలోని ఆ ఎక్స్‌కు చోటే లేదు.

(ఎక్స్² + 1)² వంటి హారానికీ రెండు భిన్నాలే, కాకపోతే రెండింటి లవాలూ ఒకటో పరిమాణంలో ఉండాలి.

మరొకరు (తణుకు):
హారంలో ఒకే కారణాంకం మూడు, నాలుగు సార్లు వస్తే ఎక్స్ − 2 = వై అనుకోండి, గుణకాలు పోల్చే పని తప్పుతుంది. (ఎక్స్² + 1)/(ఎక్స్ − 2)³లో ఎక్స్ బదులు వై + 2 రాసి చూడండి.

విద్యార్థిని:
చేశానండీ. లవం వై² + 4వై + 5 అయింది, వై³తో భాగిస్తే లవాలు వరసగా 1, 4, 5 వచ్చాయి. మాస్టారు చెప్పినట్టు వేరే విలువ, ఎక్స్ = 3, వేసి చూస్తే రెండు వైపులా 10 వచ్చింది.