యుద్ధం–శాంతి బొమ్మలు: గోదావరి లంకల పిల్లలతో గీయించాలంటే అంశం ఎలా ఇవ్వాలి?

ఏటిగట్టు బడి (ముమ్మిడివరం వైపు)

నవంబర్ 14కి మా హైస్కూల్లో చిన్న ప్రదర్శన పెడుతున్నామండి. ఒక గోడకి యుద్ధాల వల్ల ఊళ్లు వదిలిన పిల్లలు గీసిన బొమ్మల నకళ్లు, ఎదురు గోడకి మా పిల్లలవి. 6, 7 తరగతులు కలిపి 40 మంది. సగం మంది లంకల నుంచి పడవ దాటి వచ్చేవాళ్లే. వరదొస్తే ఇదే బడి పునరావాస కేంద్రం. అప్పుడు పుస్తకాల సంచులకు బదులు దుప్పట్లు పట్టుకుని ఇక్కడికే వస్తారు.

"యుద్ధం – శాంతి" అని అంశం ఇచ్చి చూశాం. గదినిండా తెల్ల పావురాలు, భూగోళాలు, సినిమా ట్యాంకులు. మరి అంశం ఎలా ఇవ్వాలి? వరద గీయమంటే పిల్లలకు ఏమైనా హాని ఉంటుందా? ఏ కాగితం, ఏ రంగులు కొనాలి? డబ్బు తక్కువే ఉంది.

గీత–రంగు (రాజోలు)

పావురాలు రావడంలో పిల్లల తప్పేం లేదు. పెద్ద అంశం ఇస్తే ఎక్కడో చూసిన బొమ్మ దించుతారు, అంతే. మీరు గోడకి పెట్టబోయే బొమ్మలు ఎలా పుట్టాయో చూస్తే దారి దొరుకుతుంది.

2005లో సుడాన్‌లోని డార్ఫుర్‌లో యుద్ధానికి భయపడి పక్క దేశం చాద్‌లోకి పారిపోయిన కుటుంబాలతో మాట్లాడటానికి హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ వాళ్లు వెళ్లారు. పెద్దవాళ్లతో మాట్లాడేంతసేపూ పిల్లలకు ఏదో ఒక పని ఉండాలని కాగితాలు, క్రేయాన్లు ఇచ్చారు. ఏం గీయాలో చెప్పలేదు. బాంబులు వేసే ఆంటొనోవ్ విమానాలు, హెలికాప్టర్లు, గుర్రాల మీదా ఒంటెల మీదా తుపాకులతో దిగినవాళ్లు, తగలబడుతున్న గుడిసెలు వచ్చాయి. 2007లో వేజింగ్ పీస్ అనే బ్రిటిష్ సంస్థ అలాంటివే 500 బొమ్మలు సేకరిస్తే అవి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దాకా వెళ్లాయి.

దీనికి పూర్తి భిన్నం హిరోషిమా. హొంకావా ప్రాథమిక పాఠశాల బాంబు పేలిన చోటుకి అర కిలోమీటరు లోపే ఉంది. వాషింగ్టన్‌లోని ఒక చర్చి వాళ్లు 1947లో ఆ బడికి పెన్సిళ్లు, రంగులు పంపితే పిల్లలు బదులుగా బొమ్మలు గీసి పంపారు. వాటిలో పూలు, ఆటలే గాని బాంబు కోసం వెతకాల్సిందే. అంచేత "జరిగింది గీయండి" అని పట్టుబట్టకూడదు, "సంతోషంగా ఉండేది గీయండి" అనీ అనకూడదు.

మీ పిల్లలకి చిన్న, చేతికందే ప్రశ్న ఇవ్వండి. "రేవు దగ్గర్నుంచి మీ ఇంటికి దారి గీయండి, మధ్యలో తగిలేవన్నీ పెట్టండి." "నీళ్లొస్తున్నాయంటే మీ ఇంట్లో ముందు ఏది అటకెక్కిస్తారు?" "నీరు తీశాక మొదటి పని ఏంటి?" ఈ మూడోదాన్లోనే మీకు కావలసిన శాంతి దొరుకుతుంది: బురద తోడటం, తడిసిన పరుపు గట్టు మీద ఆరేయడం, గేదెను తోలుకురావడం.

గంటలో మొదటి ఐదు నిమిషాలు బొమ్మే వద్దు. బల్ల మీద దరువేస్తుంటే దానికి తగ్గట్టు గీతలు, సున్నాలు గీయించండి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను బంధించిన తెరెజీన్ ఘెట్టోలో పిల్లలకు బొమ్మలు నేర్పిన చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండెయిస్ ఇలాగే మొదలుపెట్టేది. బౌహౌస్ అనే జర్మన్ కళాశాలలో యోహనెస్ ఇటెన్ అనే గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. చెయ్యి వదులైతే దించడం తగ్గుతుంది. ఘెట్టో గీయమని ఆమె ఒత్తిడి పెట్టలేదు. పూలు, కిటికీలు, కథలు, ఆఫీసు పారేసిన ఫారాలు చింపి అతికించిన బొమ్మలు, ఇవే పాఠాలు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి పంపేశారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. ఇప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి.

పిల్లల వార్డు (కాకినాడ)

హాని గురించి అడిగారు కాబట్టి. గీయడం వల్ల హాని రాదు. గీయమని బలవంతపెట్టడం, గీశాక గుచ్చి గుచ్చి అడగడం వల్ల వస్తుంది.

షీటును మూడు మడతలు వేయించండి: ముందు, అప్పుడు, తర్వాత. స్పెయిన్ అంతర్యుద్ధం పిల్లల బొమ్మలతో 1938లో అమెరికాలో ఒక సంపుటి వచ్చింది, ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ ముందుమాట రాశాడు. అందులోనూ బాంబులు పడే బొమ్మల పక్కన యుద్ధానికి ముందు బతుకు, శిబిరంలో బతుకు కనిపిస్తాయి. మీ దగ్గర ఒక్కటే నియమం: గంట కొట్టేసరికి పిల్ల "అప్పుడు" మడత దగ్గర ఆగిపోకూడదు. టైము చాలకపోతే మధ్య మడత ఖాళీగా వదిలి మూడోదానికి వెళ్లమనండి. ఖాళీగా ఉన్నా అది కూడా బొమ్మే.

"నలుపెందుకు వాడావు?" అని అడగొద్దు. చాలాసార్లు పెట్టెలో మిగిలింది అదే అయి ఉంటుంది. రంగును బట్టి మనసు చెప్పేసే జాతకాలు వాట్సాప్‌లో బోలెడు తిరుగుతున్నాయి, ఒక్కటీ నమ్మొద్దు. "దీని గురించి చెప్తావా?" అనండి. చెప్పకపోతే సరే అని పక్కకెళ్లండి. "ఎంత బాగుందో" అని ఒకరిని మెచ్చుకుంటే పక్క పదిమందీ అదే గీస్తారు. "ఇక్కడ పడవకి తాడు కూడా కట్టావే" అని చూసింది చెప్పండి, చాలు.

బొమ్మను కాదు, పిల్లను గమనించండి. నెల దాటినా రాత్రిళ్లు ఉలిక్కిపడటం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, తిండి తగ్గడం, ఒకే దృశ్యం మార్పు లేకుండా మళ్లీ మళ్లీ గీసి ఆ తర్వాత ఇంకా బిగుసుకుపోవడం, ఇవి ఉంటే జిల్లా ఆసుపత్రికి పంపండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ముందు ఫోన్ చేసినా దారి చెప్తారు. బొమ్మలో గానీ మాటలో గానీ ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారన్న అనుమానం తగిలితే మీరు విచారణ చేయకండి. పిల్ల అన్న మాట అన్నట్టు రాసుకుని పోలీసులకు చెప్పాలి, పిల్లలపై లైంగిక నేరాల పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అది మీ బాధ్యత. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

40 మందిని ఒకేసారి కూర్చోబెట్టొద్దు. ఇద్దరు పెద్దవాళ్లుంటే 20 మంది మించకూడదు.

పేపర్ కొట్టు (అమలాపురం)

సామాను సంగతి. జిరాక్స్ కాగితం వద్దు, పాస్టెల్ గట్టిగా రుద్దితే ముడతలొస్తాయి. 130 నుంచి 150 జీఎస్ఎం (కాగితం మందం లెక్క) కార్ట్రిడ్జ్ డ్రాయింగ్ షీటు 22×30 అంగుళాలది అడిగి నాలుగు ముక్కలు చేయించండి. ఒకొక్కటి 11×15 వస్తుంది. మనిషికి రెండు చొప్పున 80 ముక్కలు, అంటే 20 షీట్లు. చెడిపోయేవాటికి ఇంకో 4.

రంగులు ఆయిల్ పాస్టెల్. 20 మంది జట్టుకి, ఇద్దరికొకటి చొప్పున 25 రంగుల పెట్టెలు 10 చాలు, రెండో జట్టుకీ అవే. వరద గీసేటప్పుడు నీలం మిగిలిపోతుంది, గోదావరి నీరు నీలం కాదని మన పిల్లలకి బాగా తెలుసు. గోధుమ, కాషాయం, నలుపు ముందు అయిపోతాయి, అవి విడిగా ఉంటే తలో అరడజను కొనుక్కోండి. స్కెచ్ పెన్నులు వద్దు, ఎండ తగిలే గోడ మీద నెలకే వెలిసిపోతాయి. నీటి రంగులకి ఆరబెట్టే చోటుండదు. రబ్బర్లు మొదటిరోజు దాచేయండి, లేకపోతే గంటంతా చెరపడమే. కింద అట్ట కావాలి: అట్టపెట్టెలు విప్పి 12×16 ముక్కలు కోసి క్లిప్పు పెడితే సరి.

ముఖ్యంగా ఈ రెండు. పాస్టెల్ బొమ్మను లామినేషన్ చేయించొద్దు, వేడికి మైనం కరిగి అలుక్కుపోతుంది. సెల్లోటేపు, స్టేప్లర్ పిన్ను వాడొద్దు. టేపు పసుపు మరక వదుల్తుంది, మన ఉప్పుగాలికి పిన్ను తుప్పు పడుతుంది. నైలాన్ తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. దాచేటప్పుడు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో బటర్ పేపర్ వేసి, మూత బిగుసుకునే ప్లాస్టిక్ పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బీరువా అడుగు అరలో మాత్రం వద్దు: చెద అక్కడే ముందు పడుతుంది, వరదైతే చెప్పనే అక్కర్లేదు.

ఏటిగట్టు బడి

చాలా ఉపయోగపడిందండి. ఇంకో రెండు. నకళ్లు ముందు చూపించాలా, తర్వాతా? బొమ్మ కింద పేరు రాయొచ్చా?

గీత–రంగు

తర్వాతే. ముందు చూపిస్తే మీ లంకల మీద కూడా ఆంటొనోవ్‌లు ఎగురుతాయి. 6వ తరగతికి శవాలున్న బొమ్మలు ఏరేయండి. పేరు మాత్రం ఉండాలనే నా వాదన. తెరెజీన్‌లో ఫ్రీడల్ పిల్లల చేత పేరు రాయించబట్టే ఏది ఎవరిదో ఇవాళ తెలుస్తోంది. గీసిన పిల్లల్లో చాలామంది బతకలేదు.

పిల్లల వార్డు

అక్కడ పేరు చెరిపేసే రాజ్యం ఉంది కాబట్టి పేరు రాయడం అవసరమైంది. ఇక్కడ పక్కింటివాళ్లే వచ్చి చూస్తారు. "వీళ్ల నాన్న వరదలో కూడా తాగి పడుకున్నాడట" అన్నది బొమ్మలో ఉంటే? ముందువైపు సంతకం పిల్ల ఇష్టం. మీరు పెట్టే చీటీ మీద వయసు, తరగతి చాలు, ఊరు వద్దు. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. పునరావాస కేంద్రంలో ఉండగా గీసిన బొమ్మలకైతే ఇంకా జాగ్రత్త. పిల్ల, తల్లిదండ్రులు ఇద్దరూ ఒప్పుకుంటేనే గోడకెక్కించండి. ప్రదర్శన మధ్యలో "తీసేయండి మేడం" అంటే కారణం అడక్కుండా తీసేయండి.

పేపర్ కొట్టు

పిల్ల చెప్పిన మాట వెనకవైపు మెత్తటి 4బీ పెన్సిల్‌తో మెల్లగా రాయండి, బాల్ పెన్నుతో రాస్తే ముందువైపుకి గాటు పడుతుంది. అసలు బొమ్మ పిల్లకే ఇచ్చేయండి, బడికి 300 డీపీఐ (స్కాన్ స్పష్టత లెక్క) స్కాన్ ఉంచుకోండి. స్కానర్ గాజుకి పాస్టెల్ అంటుతుంది, ప్రతి బొమ్మకీ తుడవాలి. ఫోనుతో అయితే వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి.