బోస్టన్ పట్టణం తన బీదలను ఆదుకున్నదా, పొలిమేర దాటించిందా?

కృష్ణాతీరం

అమెరికాలో సంక్షేమం 1930లలో పుట్టిందని, అంతకు ముందు అక్కడ బీదవాడికి దేవుడే దిక్కని గత వారం ఈ వేదికపై ఒకరు రాశారు. అది నిజం కాదు. ఇంగ్లండు 1601లో చేసిన బీదల చట్టాన్ని అమెరికాకు వలస వెళ్ళినవారు పెట్టెబేడాతో పాటే వెంట తీసుకువెళ్ళారు. ఏ ఊరి బీదలను ఆ ఊరే పోషించాలన్నది దాని సారాంశం. ఆ భారం బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో పట్టణానిది, వర్జీనియాలో పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పెద్దలది. బోస్టన్ 1691 నుంచి బీదల పర్యవేక్షకులను ప్రత్యేకంగా ఎన్నుకున్నది. చలికాలంలో ముసలివారికి కట్టెలు, రోగికి వైద్యం, దిక్కులేని శవానికి పెట్టె, అన్నీ పన్నుల సొమ్ముతోనే జరిగేవి. వర్జీనియాలోనైతే ఆ పన్నును పొగాకు తూకంలో వసూలు చేసేవారు.

అయితే ‘ఆ ఊరి బీదలు’ అన్న మాటలోనే తిరకాసు ఉంది. 1765లో బోస్టన్ పట్టణ పెద్దలు రాబర్ట్ లవ్ అనే వయసు మళ్ళిన మనిషిని ఒక ఉద్యోగంలో పెట్టారు. వీధుల్లో తిరగడం, కొత్త ముఖం కనబడితే ఆపి ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి ఇంట దిగారు అని అడగడం, పద్నాలుగు రోజుల్లో ఊరు విడిచి వెళ్ళాలని రాజుగారి పేరిట తాఖీదు చెప్పడం, ఆ వివరాలన్నీ పుస్తకంలో ఎక్కించడం అతని పని. 1774లో కన్నుమూసే దాకా అతడు సుమారు నాలుగు వేల మందికి ఆ తాఖీదు వినిపించాడు. వారిలో కూలిపనికి వచ్చిన కుర్రవాళ్ళు, పటాలం నుంచి విడుదలైన సిపాయిలు, ఇంగ్లీషువారు స్వస్థలం నుంచి తరిమివేసిన, కెనడా తీరంలోని అకేడియా ఫ్రెంచివారు ఉన్నారు. దీనిని సంక్షేమం అనాలా, వెలివేత అనాలా?

పద్దుపుస్తకం

కృష్ణాతీరం గారూ, మీరు సగం చెప్పి ఆపారు. తాఖీదు అందుకున్నవారు ఊరు విడిచి వెళ్ళారా? చాలామంది వెళ్ళలేదు. అక్కడే గది అద్దెకు తీసుకున్నారు, పని చేసుకున్నారు, పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. పదిహేనో రోజున ఎవరూ వచ్చి వారి సామాను వీధిలో పడవేయలేదు. అలాంటి మనిషి జబ్బుపడితే బోస్టన్ బీదల సత్రంలో చేర్చుకునేవారు. కాకపోతే అతడు ఆ పట్టణ నివాసిగా స్థిరపడలేదు గనుక, ఆ ఖర్చు పట్టణం ఖాతాలో పడకుండా మసాచుసెట్స్ ఖజానా ఖాతాలో పడేది. ఆ సొమ్ము రాబట్టడానికి తాఖీదు ఇచ్చినట్లు రుజువు కావాలి. అంటే రాబర్ట్ లవ్ పుస్తకం ఖర్చును ఏ పద్దు కింద రాయాలో తేల్చే పుస్తకమే గాని, మనుషులను తరిమే కర్ర కాదు. ‘పొలిమేర దాటించింది’ అన్న మీ శీర్షికను మార్చవలసిందిగా కోరుతున్నాను.

బీదల మాట వచ్చింది గనుక అసమానత సంగతీ చెప్పుకుంటే, ఆర్థిక చరిత్రకారులు పీటర్ లిండర్ట్, జెఫ్రీ విలియమ్సన్ 1774 నాటి ఆదాయాలను లెక్కగట్టి, బానిసలను కలుపుకొని చూసినా ఇంగ్లండు ఏలుబడిలోని ఆ అమెరికా వలస రాజ్యాలలో ఆదాయాల పంపకం ఆనాటి ఇంగ్లండులో కంటే సమంగానే ఉందని తేల్చారు. ఇది మరవకూడదు.

వేపచెట్టు

రాబర్ట్ లవ్ స్వయంగా ఐర్లండు నుంచి వలస వచ్చినవాడే. ముందు వచ్చినవాడు వెనుక వచ్చేవాడి పేరు రాసుకున్నాడన్నమాట.

కృష్ణాతీరం

శీర్షికను మార్చను. తాఖీదు అందుకున్నవారిలో చాలామంది ఉండిపోయారన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. పక్కనే ఉన్న రోడ్ ఐలాండ్ మాటేమిటి? అక్కడ పట్టణ సభ ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని చేశావు అని ప్రశ్నించి, ఉత్తర్వు రాసి, కానిస్టేబుల్‌ను తోడిచ్చి మరీ పంపించేవారు. అలా పోయినవారిలో గర్భిణులూ ఉన్నారు, బిడ్డల తల్లులూ ఉన్నారు. మీ పద్దు సిద్ధాంతం వారికి ఎలా వర్తిస్తుందో చెప్పండి.

లిండర్ట్, విలియమ్సన్ల లెక్క ఆదాయాలది, అదీ వలస రాజ్యాలన్నిటినీ కలిపి వేసినది. బోస్టన్ పన్ను పట్టీలలో ఆస్తి ఎవరి చేతిలో ఉందో చూస్తే, ధనికులైన పై పదో వంతు వారి వాటా 1687లో సగానికి లోపు ఉండగా, 1771 నాటికి అరవై శాతం దాటింది.

ఇక బానిసలను ‘కలుపుకొని చూసినా’ అని ఒక్క మాటలో దాటవేశారు. వర్జీనియా 1705లో చేసిన చట్టంలో ఒక నిబంధన ఉంది. బానిసలకు సొంతంగా గుర్రాలు, పశువులు, పందులు ఉంటే పారిష్ చర్చి అధికారులు వాటిని పట్టుకొని అమ్మివేయాలి. వచ్చిన సొమ్మును ఆ పారిష్‌లోని బీదల కోసం ఖర్చుపెట్టాలి. ఎవరో ఒక బానిస యజమాని పొలంలో చీకటి పడేదాకా పాటుపడి, మిగిలిన వేళలో పెంచుకున్న ఆవును తోలుకుపోయి, ఆ డబ్బుతో తెల్లవాడైన బీదవాడికి మొక్కజొన్నలు కొలిచి ఇచ్చారన్నమాట. చట్టం దృష్టిలో ఆ ఆవును పెంచినవాడు బీదవాడు కూడా కాడు. బీదల లెక్కలో చేరడానికే ఒక అర్హత కావలసి వచ్చిన సమాజం అది.

పద్దుపుస్తకం

శీర్షికలో బోస్టన్ అని పెట్టి వర్జీనియా ఆవును తోలుకొచ్చారు. పద్నాలుగు రోజుల తాఖీదు తర్వాత బోస్టన్‌లో ఎంతమందిని బలవంతంగా పంపించారన్నదే నా ప్రశ్న. దానికి బదులు రాలేదు.

కృష్ణాతీరం

సరే, మసాచుసెట్స్‌లోనే ఉందాం. 1703లో అక్కడ చేసిన చట్టం ప్రకారం బానిసకు స్వేచ్ఛ ఇవ్వదలచిన యజమాని, ఆ మనిషి ముందుముందు పట్టణానికి భారం కాడని యాభై పౌండ్ల పూచీకత్తు కట్టాలి. స్వేచ్ఛ పొందబోయే మనిషిని ఆ చట్టం మొట్టమొదట చూసింది కాబోయే ఖర్చుగానే. ఇది కూడా పద్దేనా?

పద్దుపుస్తకం

అవును, పద్దే. పైగా న్యాయమైన పద్దు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో మీకు తెలియకపోదు. వయసులో ఉన్నంత కాలం చాకిరీ చేయించుకొని, నడుము వంగిన తర్వాత ‘నీకు స్వేచ్ఛ ఇచ్చాను, పో’ అని ముసలివారిని వీధిలోకి నెట్టే యజమానులు ఉండేవారు. ఆ ఖర్చును వారి నెత్తినే పెట్టడం తప్పా?

వేపచెట్టు

ఇద్దరూ ఒకే చట్టాన్ని చెరొక కొసన పట్టుకున్నారు. యజమానికి కళ్ళెం వేసిందీ నిజం, బానిసకు స్వేచ్ఛను కష్టం చేసిందీ నిజం.

జగిత్యాల ఆడబిడ్డ

ఇన్ని వాదనల్లో ఆడవాళ్ళ ఊసే లేదు. 1742 గణనలో బోస్టన్ జనాభా 16,382. అందులో విధవరాళ్ళు 1,200 మంది, వారిలో వెయ్యి మంది పేదవాళ్ళని ఆనాడే రాసుకున్నారు. సముద్రం కొందరి భర్తలను తీసుకుంది, యుద్ధాలు కొందరిని. 1745లో కెనడా తీరాన ఫ్రెంచివారి లూయీబుర్గ్ కోట మీదికి దండెత్తిన తర్వాత ఆ బాధ ఇంకా పెరిగింది. వీరిని పోషించలేక వ్యాపారులు 1751లో ఒక సంఘం పెట్టి, ఆడవాళ్ళను, పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి అవిసె నార వడికించాలని తలపెట్టారు. 1753లో ఊరి మధ్య మైదానంలో సుమారు మూడు వందల మంది చేత వరుసలు కట్టించి, అందరూ చూస్తుండగా రాట్నాలు తిప్పించారు. ఆ పైన చర్చిలో ఉపన్యాసం. ఇంత ఆర్భాటం చేసినా నార మగ్గాల ఇల్లు ఆ దశాబ్దం చివరికల్లా మూతపడింది.

పద్దుపుస్తకం

ఊరికే సాయం అందితే పని మానేస్తారనడానికి ఇదే రుజువు. ఇంటికి కట్టెలు, డబ్బు వస్తుంటే పనికి ఎవరు వెళ్తారు? ఆనాటి అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1766లో ఈ సంగతే రాశాడు. బీదలకు మేలు చేయడమంటే బీదరికంలో సుఖంగా ఉంచడం కాదు, అందులోంచి బయటికి తరమడమని అన్నాడు.

జగిత్యాల ఆడబిడ్డ

పద్దుపుస్తకం గారూ, మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, చాటలో తంబాకు పెట్టుకొని, నింపి, చుట్టి, దారం కట్టి, కొస మడిచేది. ఒక కాలు ఎప్పుడూ మా చెల్లెలి ఉయ్యాల తాడు మీదే ఉండేది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పది బీడీలు, నీళ్ళు వచ్చే లోపు ఇంకో పది. కార్ఖానాకు వచ్చి చుట్టమని ఒకసారి కబురు పెట్టారు. పిల్లలను ఎవరి మీద వదలాలని ఆమె వెళ్ళలేదు. దానికి మా మేనమామ పెట్టిన పేరు ‘సోమరితనం’.

బోస్టన్ విధవరాళ్ళూ పని మానలేదు. ఇంట్లో రాట్నం తిప్పుకుంటామన్నారు. పసిబిడ్డను వదిలి పగలంతా ఆ నార మగ్గాల ఇంట్లో కూర్చోమంటే కుదరదన్నారు. చరిత్రకారుడు గేరీ నాష్ ఆ ప్రయత్నం చెడిపోవడానికి ఇచ్చిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఇంటి పని పనే కాదనుకునేవారికి వాళ్ళు సోమరులుగానే కనిపిస్తారు. తల్లుల మీద ఇంత తేలికగా మాట తూలడం మీ వంటి చదువుకున్నవారికి తగదు.

కృష్ణాతీరం

దానికి తోడు ఫ్రాంక్లిన్ ఆ మాట లండన్‌లో కూర్చుని ఇంగ్లండు బీదల గురించి రాశాడు, బోస్టన్ విధవరాళ్ళ గురించి కాదు. అదే మనిషి 1751లో ఫిలడెల్ఫియాలో బీద రోగుల ఆసుపత్రి కోసం చందాలు పోగుచేసి, దానికి సమానంగా ప్రభుత్వ సొమ్మును కూడా రాబట్టాడు. మీకు నచ్చిన సగమే తెచ్చారు.

అచ్చుతప్పు

ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా గురించి ఒక్క మాట. 1718 నాటి చట్టం ప్రకారం అక్కడ సహాయం పొందే ప్రతి బీదవాడూ చొక్కా కుడి చేతి మీద, భుజానికి దగ్గరగా, ఇంగ్లీషులో బీదవాడనే మాటకు మొదటి అక్షరమైన ‘పి’ని, దాని పక్కన తమ ఊరి లేదా కౌంటీ మొదటి అక్షరాన్ని ఎర్ర గుడ్డతోనో నీలం గుడ్డతోనో కుట్టుకొని తిరగాలి. ఊరి అక్షరం కూడా ఎందుకంటే, ఏ ఊరి ఖర్చో చూడగానే తెలియాలి గదా.

పద్దుపుస్తకం

అందరూ ఒక్కసారిగా నా మీద పడ్డారు గనుక దాచకుండా చెబుతాను. నేను అమెరికాలో మా ఊరి తెలుగువారి సహాయ నిధికి నాలుగేళ్ళు కోశాధికారిగా ఉన్నాను. ఉద్యోగం పోయినవారికి, ఆసుపత్రి పాలైనవారికి, ఇంటికి శవాన్ని పంపవలసి వచ్చినవారికి సభ్యుల చందాలతో సాయం చేసేవాళ్ళం. ఒక ఏడాది చలికాలంలో వేరే రాష్ట్రం నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యకు నెలలు నిండాయి, భర్తకు పని పోయింది. వారు మా సభ్యులు కారు. వచ్చి మూడు వారాలే అయింది. పెట్టెలో ఉన్నది ఇద్దరికి సరిపోయే డబ్బు, అప్పటికే వరుసలో అయిదుగురు సభ్యులు ఉన్నారు. కుదరదని చెప్పాను. మరుసటి సమావేశంలో ఒక్క రూపాయి చందా ఇవ్వనివారు కూడా లేచి నన్ను కసాయివాడన్నారు. ఆ ఏడాదే ఆ పదవి వదిలేశాను.

బోస్టన్‌లో స్కాట్లండువారు 1657లోనే సొంతంగా ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ పెట్టె వాళ్ళ మనుషులకే. దానిని ఎవరైనా వెలివేత అంటారా? గీత గీయని చోట ఎవడూ చందా ఇవ్వడు. గీత గీసినవాడినే మీరు బోనులో నిలబెడుతున్నారు.

కృష్ణాతీరం

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు. నాకు గీత మీద పేచీ లేదు, పెట్టెలో ఉన్నది ఎంతో అంతే. మీకూ నాకూ తేడా ఇక్కడ ఉంది: పెట్టె నింపినవారికే గీత గీసే హక్కు ఉందని మీరు అంటున్నారు. వర్జీనియాలో ఆవును పోగొట్టుకున్నవాడు కూడా పెట్టెలో వేశాడు, ఎవరూ అడగకుండానే వేయించారు. అయినా అతనికి అందులోంచి గింజ రాలేదు. స్కాట్లండువారి సంఘం ఎవరి ఆవునూ తోలుకుపోలేదు గనుక ఆ పోలిక నిలవదు. మీ నిధికీ నిలవదు, మీరు దానితో పోల్చుకోవద్దు.

జగిత్యాల ఆడబిడ్డ

మిమ్మల్ని కసాయివాడని నేను అనను. ఒక్కటే అడుగుతాను. ఆ కుటుంబం గురించి మీ నిధి పుస్తకంలో ఏమని రాసుకున్నారు?

పద్దుపుస్తకం

భర్త పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి ఇంట దిగారు అని రాసి, పక్కన ‘సభ్యులు కారు’ అని రాశాను. అంతకు మించి ఏమీ లేదు. ఊరు విడిచి వెళ్ళమని మాత్రం అనలేదు, ఏ గడువూ పెట్టలేదు.

కృష్ణాతీరం

రోడ్ ఐలాండ్ గురించి నేను అడిగినదానికి ఇంకా బదులు రాలేదు.