నాన్న తీసుకోని లోన్ నాన్న పేరు మీద: కట్టేసి వదిలించుకోవాలా?

హనుమకొండ సభ్యురాలు

అందరికీ నమస్కారం. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటి రిపేరుకు లోన్ అడుగుదామని బ్యాంకుకు వెళ్తే, ఆయన సిబిల్ రిపోర్టులో (ఒకరి అప్పులు, వాయిదాల చరిత్ర చూపే రిపోర్టు) రెండు పర్సనల్ లోన్లు బకాయి ఉన్నాయన్నారు. ఒకటి 18 వేలు, ఇంకోటి 35 వేలు. రెండూ ఒకే ఫైనాన్స్ కంపెనీవి. దాని పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. నాన్నకు ఫోన్‌లో వాట్సాప్ చూడటం తప్ప ఏమీ రాదు. ఇప్పుడు రికవరీ వాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. ఎవరికీ బాకీ లేకుండా బతికిన మనిషి, టెన్షన్‌తో సరిగ్గా తినడం కూడా లేదు. బాబాయి "చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకోండి" అంటున్నారు. కట్టేయమంటారా? ఆధార్, పాన్ జిరాక్సులు ఎక్కడెక్కడ ఇచ్చామో మాకే గుర్తు లేదు.

బ్యాంకులో చేసి రిటైరైన సభ్యుడు, గుంటూరు

అమ్మా, ఒక్క రూపాయి కూడా కట్టకండి. కడితే ఆ లోన్ మీ నాన్నగారిదేనని ఒప్పుకున్నట్టు చూస్తారు. రిపోర్టులో ఖాతా క్లోజ్ అయినట్టు మారుతుందే తప్ప చెరిగిపోదు. బకాయి పడిన నెలలన్నీ అలాగే కనిపిస్తాయి. మీ బాబాయి గారు మంచికే చెప్పి ఉంటారు కానీ ఇది వదిలించుకునే దారి కాదు.

ముందు రిపోర్టులు తెప్పించండి. సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఏటా ఒక పూర్తి రిపోర్టు ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి. ఒకదాంట్లో లేని లోన్ ఇంకోదాంట్లో ఉండొచ్చు కాబట్టి నాలుగూ చూడండి. రిపోర్టులో చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న భాగాన్ని చాలామంది చదవరు. మీకు అసలు ఆధారం అక్కడే దొరుకుతుంది. లోన్ తీసినవాడు ఇచ్చిన నంబరు, అడ్రసు మీ నాన్నగారివి కాకపోతే అక్కడ బయటపడతాయి.

తర్వాత రెండు చోట్లా ఒకేసారి ఫిర్యాదు పెట్టాలి. రిపోర్టు ఇచ్చిన సంస్థ సైట్‌లో ఈ వివరం తప్పని డిస్‌ప్యూట్ వేయండి. ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్‌లో నాలుగు విషయాలు అడగండి: లోన్ అగ్రిమెంటు కాపీ, కేవైసీకి (మనిషిని గుర్తించడానికి) తీసుకున్న కాగితాలు, లోన్ అప్పుడు తీసిన సెల్ఫీ, డబ్బు వేసిన బ్యాంకు ఖాతా వివరాలు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మీ నాన్నగారి ఖాతాలన్నిటికీ లోన్ ఇచ్చిన నెల స్టేట్‌మెంట్లు జతచేసి, డబ్బు ఆయనకు రాలేదని రాయండి. 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలనే ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ మాట మెయిల్‌లో తప్పకుండా రాయండి. కంపెనీ 30 రోజులు దాటినా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

న్యాయవాది, విశాఖ

పోలీసు ఫిర్యాదు కూడా ఈరోజే పెట్టండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వేసి, ఆ రసీదు నంబరు పై మెయిళ్లన్నిటిలో పెట్టాలి. ఒకరి గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల వరకు జైలు ఉంటుంది. ఖాతాలో డబ్బు పోతే మాత్రం పోర్టల్ కోసం చూడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

హనుమకొండ సభ్యురాలు

చాలా థాంక్స్ సార్. రికవరీ అతను రాత్రి 9 గంటలకు కూడా చేస్తున్నాడు, పక్కింటి వాళ్లకూ చేశాడట. ఏమని చెప్పాలి?

బ్యాంకులో చేసి రిటైరైన సభ్యుడు, గుంటూరు

ఉదయం 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత బకాయిల కోసం ఫోన్ చేయకూడదు. పక్కింటి వాళ్లకు చెప్పి పరువు తీయడం కూడా నిషేధమే. కాల్ వచ్చిన టైము, నంబరు స్క్రీన్‌షాట్ తీసి అదే గ్రీవెన్స్ మెయిల్‌కు పంపండి. ఫోన్‌లో "ఈ లోన్ మాది కాదు, ఫిర్యాదు నంబరు ఇదీ" అనడం తప్ప ఇంకో మాట వద్దు. "చూస్తాం, వచ్చే నెల కడతాం" అని మొహమాటానికి కూడా అనకండి. ఓటీపీ అడిగితే చెప్పకుండా ఫోన్ పెట్టేయండి.

మీసేవ నడిపే సభ్యుడు, కరీంనగర్

అక్కా, లోన్ సంగతి పెద్దలు చెప్పారు. ఆధార్‌తో ఇంకో మోసం జరగకుండా నాన్న ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. ఆధార్ యాప్‌లోనే అవుతుంది, కానీ ఆధార్‌కు ఆయన ఫోన్ నంబరు లింకై ఉండాలి. ఇది ఎందుకంటే, ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ రాదు. వేలిముద్ర ఎవరికి దొరుకుతుందిలే అనుకోకండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను రబ్బరు మీదికి దించి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికాడు.

లాక్ చేశాక రేషన్ షాపులో వేలిముద్ర పడదు, లైఫ్ సర్టిఫికెట్ అప్పుడూ ఆగిపోతుంది. ఆ పూటకు అన్‌లాక్ చేసుకోవాలి. ఈ సంగతి తెలియక పెద్దవాళ్లు మా సెంటర్ దాకా వచ్చి తిరిగిపోతుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది, అందుకే ముందే చెప్తున్నా. ఆధార్ సైట్‌లో గత ఆరు నెలల్లో ఆయన ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కూడా కనిపిస్తుంది, ఒకసారి చూడండి.

ఇకమీద జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఎందుకిస్తున్నారో, తేదీతో సహా అడ్డంగా రాసి సంతకం పెట్టించండి. పాన్, ఆధార్ ఒకే కాగితం మీద తీయించొద్దు. ప్రింటు కోసం షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపిన ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, దగ్గరుండి డిలీట్ చేయించండి. ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉందిగా అంటారు కొందరు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్, తెలిసినవాళ్లెవరైనా తెరుస్తారు.

ట్యాక్స్ కన్సల్టెంట్, విజయవాడ

పాన్ కూడా బయటికి పోయినట్టే కాబట్టి, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆయన ఏఐఎస్ (పాన్ మీద ఆ ఏడాది నమోదైన ఆదాయం, లావాదేవీల పట్టిక) చూడండి. తెలియని జీతమో, వ్యాపార లావాదేవీయో ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టొచ్చు. జీఎస్టీ సైట్‌లో పాన్‌తో వెతికితే ఆయన పేరు మీద ఎవరైనా రిజిస్ట్రేషన్ తీశారా అనేదీ తెలుస్తుంది.

హనుమకొండ సభ్యురాలు

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో చూశాం. నాన్న పేరు మీద మూడు సిమ్‌లు ఉన్నాయి, ఒకటి మాది కాదు. సిబిల్ రిపోర్టులో ఉన్న తెలియని నంబరు అదే!

న్యాయవాది, విశాఖ

ఆ సైట్‌లో "నాట్ మై నంబర్" (ఇది నా నంబరు కాదు) నొక్కే ముందు ఆ పేజీ, రిపోర్టులో ఆ నంబరు ఉన్న పేజీ రెండూ ప్రింటు తీసుకోండి. వాటిని ఫిర్యాదుకు జతచేసి సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకోండి. ఆ సిమ్ ఏ షాపులో, ఏ తేదీన తీశారో టెలికాం కంపెనీ నుంచి పోలీసులే రాబట్టగలరు. నంబరు కట్ చేయించడం ఆ తర్వాత.