వానలో తడిసిన స్కేట్‌బోర్డ్ బేరింగులు బాగవుతాయా?

ప్రశ్న: నిన్న తమ్ముడు తడి రోడ్డు మీద బోర్డు నడిపాడు, ఇవాళ చక్రాలు గరగరమంటున్నాయి, ఒకటి సరిగ్గా తిరగడం లేదు. కొబ్బరి నూనె వేస్తే సరిపోతుందా, కొత్తవి కొనాలా?

జవాబు 1: కొబ్బరి నూనె వద్దండీ, జిగురుగా మారి దుమ్ము పట్టేస్తుంది. 13 ఎం.ఎం. స్పానర్‌తో నట్టు విప్పి బేరింగులు బయటకు తీయండి, రబ్బరు మూత ఉంటే గుండుసూదితో మెల్లగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (త్వరగా ఆరిపోయే స్పిరిట్) కాసేపు నానబెట్టి బాగా కదిపి, పూర్తిగా ఆరాక ఒక్కోదానికి ఒకటి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె చాలు. నీళ్లతో మాత్రం కడగొద్దు.

జవాబు 2: కడిగాక కూడా వేలితో తిప్పితే గరుకుగా తగిలిందంటే లోపల గుంటలు పడ్డట్టే, మార్చేయండి. సైజు గురించి టెన్షన్ వద్దు, స్కేట్‌బోర్డులకు మామూలుగా వాడేది 608 (లోపల 8, బయట 22, వెడల్పు 7 ఎం.ఎం.), బేరింగుల షాపులో నంబరు చెప్తే ఇస్తారు. నట్టు మరీ బిగించకండి, చక్రం కొంచెం అటూఇటూ ఆడాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మా వీధి రోడ్డు గతుకులు, చక్రాల మీద 99ఎ అని ఉంది.

జవాబు 2: ఆ నంబరు చక్రం ఎంత గట్టిదో చెప్తుంది, 99ఎ అంటే గట్టి రకం, స్కేట్‌పార్కు నున్నటి నేలకి బాగుంటుంది. గతుకుల రోడ్డుకి 78ఎ లాంటి మెత్తవి తీసుకోండి, కాళ్లకి అదురు చాలా తగ్గుతుంది.