అప్‌డేట్: స్వీట్లు తినని నాన్నకు షుగర్ ఎందుకొచ్చింది?

మా నాన్న స్వీట్ల జోలికే వెళ్లరు, అయినా హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ సగటు చెప్పే టెస్టు) 7.8 వచ్చింది, ఎలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మెహదీపట్నంలో ఒక డాక్టరమ్మను కలిశాం.

ఆవిడ స్వీట్ల గురించి అడగనే లేదు. టేపు తీసి నడుము కొలిచారు, నానమ్మకు షుగర్ ఉండేదా అన్నారు. ఉండేది. పొట్టలో కొవ్వు పేరుకుంటే, రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదట. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి, చేసి, చివరికి చేతులెత్తేస్తుంది. వంశం, కూర్చుని చేసే ఉద్యోగం, తిండి, అన్నీ కలిసి టైప్ 2 షుగర్‌కి దారితీస్తాయి.

నాన్న కంచం చూస్తే అన్నం కుప్ప, పక్కన చెంచాడు కూర. పప్పన్నం, చారన్నం, మళ్లీ పెరుగన్నం. తెల్లన్నం అరిగితే అయ్యేదీ గ్లూకోజే. ఇప్పుడు కూర, పప్పు ముందు, అన్నం ఒక్క కప్పు. రాత్రికి జొన్నరొట్టెలు, అవీ రెండే. రొట్టెలైతే ఎన్నైనా తినొచ్చన్నారు కొందరు, కానీ జొన్నలోనూ ఉన్నది పిండిపదార్థమే కదండీ! సాయంత్రం చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్ల దగ్గరే ఇంట్లో రోజూ గొడవ.

షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు మొదలుపెట్టారు. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి మళ్లీ టెస్టు అప్పుడే.