అప్‌డేట్: హైదరాబాద్‌లో వామపక్ష ఆలోచన ఉన్నవాళ్లు దొరికారు

రెండు నెలల కింద అడిగాను గుర్తుందా? ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను, ఆఫీసులో కార్మిక సంఘం అనే మాట ఎత్తితే జోకులు వేస్తున్నారు, వామపక్ష రాజకీయాలు మాట్లాడుకునే మనుషులు ఎక్కడ ఉంటారని.

చాలామంది బాగ్‌లింగంపల్లిలో కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పేరిట ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లమన్నారు. వెళ్లాను. మొదటి రెండు ఆదివారాలు లైబ్రరీలో చదువుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చేశాను. మొహమాటం! మూడోసారి పక్క కుర్చీలో పెద్దాయన "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడిగారు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం గురించి అన్నాను. అంతే, టీ కొట్టు దగ్గర గంటన్నర గడిచిపోయింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలడం గురించి ఆయన నిన్న జరిగిన ఇంటి గొడవలా చెప్పారు. ఎవరిది తప్పో ఇప్పటికీ నాకు తేలలేదనుకోండి.

ఆయన ద్వారానే ఆరుగురి చిన్న బృందం పరిచయమైంది. ఇద్దరు నాలాగే ఐటీ వాళ్లు, ఒక అక్క అంగన్‌వాడీ టీచర్. 29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపి 2019, 2020ల్లో చేసిన నాలుగు లేబర్ కోడ్‌లను ఒక్కోటీ చదువుతున్నాం. వేతనాల కోడ్ అయింది. చట్టం భాష మాకు తలనొప్పే, కానీ అక్క తన జీతం లెక్క చెప్పగానే విషయం ఎక్కింది. అంగన్‌వాడీ వాళ్లకు ఇచ్చేది జీతం కాదట, 'గౌరవ వేతనం'!

అన్నింటికీ ఒప్పుకునేవాళ్లే కావాలనుకుని వెతికాను కానీ, మా ఆరుగురిలో ఏ ఇద్దరికీ పూర్తిగా పడదు. వచ్చే ఆదివారం పారిశ్రామిక సంబంధాల కోడ్. సమ్మె నోటీసు నిబంధనలు చదివి చెప్పే పని నాకు పడింది, కొంచెం టెన్షన్‌గానే ఉంది.